945 అతి చిన్న బేసి సమృద్ధ సంఖ్య అని కాగితం మీద తేల్చుకోవడం ఎలా?

సమృద్ధ సంఖ్యల (తమను విడిచి మిగిలిన కారణాంకాలను కూడితే తమకంటే ఎక్కువ వచ్చే సంఖ్యల) ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే. 12, 18, 20, 24, 30 అంటూ సరి సంఖ్యలే వరుసగా వస్తుంటాయి, మొదటి బేసి సంఖ్య మాత్రం 945 దాకా కనిపించదు. అంతకంటే చిన్నవైన బేసి సంఖ్యలు 472 ఉన్నాయి కదా, వాటన్నిటినీ పరీక్షించకుండా ఈ మాటను ఎలా నమ్మాలి అని అడుగుతారు. కంప్యూటరు చెప్పిందని నమ్మనవసరం లేదు. సరైన దారిలో వెళితే ఆ 472లో తొమ్మిదింటిని మాత్రమే లెక్కించాలి, ఇంకొంచెం జాగ్రత్తగా ఆలోచిస్తే ఆరు చాలు. ఆ దారిని మొదటి నుంచి చివరి వరకు, ఎక్కడ కాలు జారే ప్రమాదం ఉందో చెబుతూ, కింద వివరిస్తున్నాను.

కావలసినవి

కాగితం, పెన్సిలు, తొందర లేని కొంత సమయం ఉంటే చాలు. ఒక సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం, భిన్నాలను గుణించడం మీకు వచ్చి ఉండాలి. కాలిక్యులేటరు అక్కరలేదు, ఎందుకంటే ఈ లెక్కలో మూడంకెల సంఖ్యను చిన్న సంఖ్యతో గుణించడాన్ని మించిన పని దాదాపుగా రాదు.

ముందుగా మూడు మాటలు స్థిరపరచుకుందాం. ఒక సంఖ్య కారణాంకాల్లో ఆ సంఖ్యను విడిచి మిగిలినవన్నీ కూడితే వచ్చే మొత్తం ఆ సంఖ్యకు సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య, ఎక్కువైతే సమృద్ధ సంఖ్య. ఉదాహరణకు 12కు 1, 2, 3, 4, 6 కూడితే 16 వస్తుంది కాబట్టి అది సమృద్ధ సంఖ్య. సంఖ్యను కూడా కలిపి అన్ని కారణాంకాలనూ కూడితే పోల్చవలసింది సంఖ్యతో కాదు, దాని రెట్టింపుతో. ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: అన్నిటినీ కూడి, ఆ మొత్తాన్ని సంఖ్యతోనే పోల్చి, ప్రతి సంఖ్యనూ సమృద్ధమని ప్రకటిస్తారు. ఈ వ్యాసంలో నేను అన్ని కారణాంకాల మొత్తాన్నే తీసుకుని, సంఖ్య రెట్టింపుతో పోలుస్తాను.

1. సంఖ్యను విడగొట్టండి

945 చివరి అంకె 5 కాబట్టి 5తో భాగించండి, 189 వస్తుంది. 189ని 3తో వరుసగా మూడుసార్లు భాగిస్తే 63, 21, 7 వస్తాయి. అంటే 945 = 3 × 3 × 3 × 5 × 7. వెంటనే వెనక్కి గుణించి సరిచూసుకోండి: 27 × 35 = 945.

హెచ్చరిక: 945 అంకెల మొత్తం 18 అని చూసి, అది 9తో భాగింపబడుతుందని గ్రహించి, అక్కడితో ఆగిపోయేవారు ఉన్నారు. 9 × 105 దగ్గర ఆగితే 105లో దాగి ఉన్న మూడో 3 జారిపోతుంది. అలా వచ్చిన 3 × 3 × 5 × 7 నిజానికి 315కు చెందిన విభజన. అంకెల మొత్తం 18 అయినంత మాత్రాన సంఖ్య 18తో భాగింపబడదన్నది కూడా గుర్తుంచుకోండి, 945 బేసి సంఖ్య కదా.

2. కారణాంకాలు ఎన్నో ముందే లెక్కించండి

3 మూడుసార్లు, 5 ఒకసారి, 7 ఒకసారి ఉన్నాయి. ప్రతిదానికీ ఒకటి కలిపి గుణిస్తే 4 × 2 × 2 = 16. ఈ 16ను కాగితం పైభాగంలో పెద్దగా రాసి పెట్టుకోండి. జాబితా రాసిన తరువాత కాకుండా ముందే ఎందుకు రాయాలో ఆరో మెట్టులో తెలుస్తుంది.

3. కారణాంకాలను జంటలుగా రాయండి

31 × 31 = 961, ఇది 945ను దాటిపోయింది. కాబట్టి ప్రతి జంటలో చిన్నది 30కి మించదు. ఎడమవైపు చిన్నది, దానికి ఎదురుగా భాగఫలం రాసుకుంటూ పోండి:

1 × 945
3 × 315
5 × 189
7 × 135
9 × 105
15 × 63
21 × 45
27 × 35

ఎనిమిది జంటలు, అంటే 16 కారణాంకాలు. పైన రాసుకున్న సంఖ్యతో సరిపోయింది. సరిపోకపోతే ముందుకు వెళ్ళకండి. చాలామంది వదిలేసేది 21 × 45 జంటను. 3, 5, 7లను విడివిడిగా వాడి, వాటి లబ్ధాలను క్రమం లేకుండా రాసినప్పుడు ఇలా జరుగుతుంది. క్రమంగా రాయాలంటే 1, 3, 9, 27 అని ఒక వరుస పెట్టి, ఆ వరుసను 5తో, 7తో, 35తో గుణిస్తే మిగిలిన మూడు వరుసలూ వస్తాయి.

4. కూడండి

ఎడమవైపు సంఖ్యల మొత్తం 88. కుడివైపు సంఖ్యల మొత్తం 1832. రెండూ కలిపితే 1920. 945 రెట్టింపు 1890. కాబట్టి 945 సమృద్ధ సంఖ్య, మిగులు 30. మొత్తం మీద చూస్తే ఇది చాలా స్వల్పమైన మిగులు, ఒక్క చిన్న కారణాంకం ఎక్కువో తక్కువో అయితే తీర్పే తారుమారు కావచ్చు. అందుకే కింది రెండు మెట్లనూ దాటవేయకండి.

5. మరో పద్ధతిలో అదే మొత్తం రాబట్టండి

ఒక్కో ప్రధాన సంఖ్యకు దాని ఘాతాలన్నిటినీ 1తో మొదలుపెట్టి కూడి, ఆ మొత్తాలను గుణించండి:

(1 + 3 + 9 + 27) × (1 + 5) × (1 + 7) = 40 × 6 × 8 = 1920

రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. రాకపోతే తప్పు సాధారణంగా కింది రెండింటిలో ఒకటై ఉంటుంది.

మొదటిది, మొదటి కుండలీకరణంలో 1 + 27 మాత్రమే రాసి మధ్యలోని 3, 9లను మరచిపోవడం. అప్పుడు 28 × 48 = 1344 వస్తుంది, 945 న్యూన సంఖ్య అనిపిస్తుంది.

రెండోది కనిపెట్టడం కష్టం. సంఖ్యను రెండు భాగాలుగా చీల్చి, ఒక్కో భాగానికి విడిగా మొత్తం కట్టి గుణించవచ్చు, కానీ ఆ రెండు భాగాలకూ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉండకూడదు. 945 = 27 × 35 అని చీలిస్తే 40 × 48 = 1920, సరైనదే. 945 = 15 × 63 అని చీలిస్తే 24 × 104 = 2496 వస్తుంది. 9 × 105 తీసుకున్నా 21 × 45 తీసుకున్నా అదే 2496 వస్తుంది. ఇలా వేర్వేరు విభజనల నుంచి ఒకే జవాబు రావడం చూసి అదే సరైనదని భ్రమపడేవారు ఉన్నారు. రెండు భాగాల్లోనూ 3 ఉండటం వల్ల కొన్ని కారణాంకాలు రెండేసిసార్లు లెక్కలోకి వచ్చాయి, అంతే. మీ కాగితం మీద 2496 కనిపిస్తే ఎక్కడో మూడులను రెండు చోట్లకు పంచారని వెంటనే గుర్తించవచ్చు.

6. అంకమూలంతో సరిచూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి

సంఖ్య అంకెలను ఒకే అంకె మిగిలేదాకా కూడితే వచ్చేది అంకమూలం. 1920కి అది 3. నాలుగో మెట్టులోని 88 అంకమూలం 7, 1832 అంకమూలం 5, వాటి మొత్తం 12, అంటే మళ్ళీ 3. సరిపోయింది.

ఇది కూడికలో జరిగిన తప్పులను చాలావరకు పట్టిస్తుంది. అయితే ఈ సంఖ్య విషయంలో ఒక పెద్ద లోపం ఉంది. 945 కారణాంకాల్లో సగం, అంటే 9, 27, 45, 63, 135, 189, 315, 945 అనే ఎనిమిదీ 9 గుణిజాలే. వాటిలో దేన్ని పూర్తిగా మరచిపోయినా అంకమూలం మారదు. 45ను వదిలేసి 1875 రాబట్టినవారికి కూడా 3 వస్తుంది, పైగా 1875 అనేది 1890 కంటే తక్కువ కాబట్టి తీర్పు తప్పుతుంది. రెండో మెట్టులో 16ను ముందే రాసి పెట్టుకోమన్నది ఇందుకే. లెక్క సరైనదని చెప్పాలంటే ఎన్ని కారణాంకాలున్నాయో, వాటి మొత్తమెంతో రెండూ కలిసి సాక్ష్యం చెప్పాలి.

7. అంతకంటే చిన్నవి ఎందుకు కావో తేల్చండి

అసలు ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం. అన్ని కారణాంకాల మొత్తాన్ని సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని నిష్పత్తి అందాం. అది 2ను దాటితేనే సంఖ్య సమృద్ధమవుతుంది. ఐదో మెట్టులోని గుణకారాన్ని బట్టి ఈ నిష్పత్తి కూడా ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒక్కో భాగం చొప్పున లబ్ధంగా విడిపోతుంది. సంఖ్యలో 3 ఎన్నిసార్లు ఉందన్నదాన్ని బట్టి 3 భాగం 4/3, 13/9, 40/27 అని పెరుగుతుంది, కానీ 3/2ను ఎప్పటికీ చేరదు. ప్రతిసారీ మిగిలిన దూరం మూడో వంతుకు తగ్గుతుంది: 1/6, 1/18, 1/54. అలాగే 5 భాగానికి హద్దు 5/4, 7కు 7/6, 11కు 11/10, 13కు 13/12. ప్రధాన సంఖ్య పెరిగేకొద్దీ హద్దు తగ్గుతుంది. ఇంతకు మించి సిద్ధాంతం అవసరం లేదు.

ఇప్పుడు 945 కంటే చిన్న బేసి సంఖ్య ఒకటి సమృద్ధమైందని అనుకుని, అది ఎలా ఉండగలదో చూడండి.

అ) దానిలో ఒకటి లేదా రెండు ప్రధాన సంఖ్యలే ఉంటే నిష్పత్తి గరిష్ఠంగా 3/2 × 5/4 = 15/8 లోపే ఉంటుంది. 2కు చేరదు.

ఆ) నాలుగు వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలు ఉండాలంటే అతి చిన్న సంఖ్య 3 × 5 × 7 × 11 = 1155. అది 945ను దాటిపోయింది. కాబట్టి ఉండవలసినవి సరిగ్గా మూడు.

ఇ) వాటిలో 3 లేకపోతే 5/4 × 7/6 × 11/10 = 77/48, సుమారు 1.6. చాలదు. 3 ఉండి తీరాలి.

ఈ) 5 లేకపోతే 3/2 × 7/6 × 11/10 = 1.925. ఇదీ చాలదు. 5 కూడా ఉండి తీరాలి.

ఉ) మూడో ప్రధాన సంఖ్య 17 అయితే 15/8 × 17/16 = 255/128, ఇది 2 కంటే కొంచెం తక్కువ. 17ను మించినవి అంతకంటే తక్కువనే ఇస్తాయి. కాబట్టి మూడోది 7, 11, 13లలో ఒకటి మాత్రమే.

హెచ్చరిక: హద్దు 2ను దాటినంత మాత్రాన సంఖ్య సమృద్ధమని అర్థం కాదు. 3, 5, 13లకు హద్దు 195/96, అంటే 2.03, అయినా 195 న్యూన సంఖ్యే. హద్దు తోసివేయడానికి పనికొస్తుంది, ఆమోదించడానికి పనికిరాదు. ఈ తేడా గ్రహించకపోతే ఈ పద్ధతి మొత్తం తలకిందులవుతుంది.

8. మిగిలిన తొమ్మిదింటినీ లెక్కించండి

మిగిలినవి 105, 165, 195 అనే మూడు లబ్ధాలూ, వాటిని వాటిలోని ప్రధాన సంఖ్యలతోనే మళ్ళీ గుణిస్తే వచ్చేవీ, 945కు లోబడినవి మాత్రమే. 105ను 3, 5, 7లతో గుణించవచ్చు, 9తో గుణిస్తే 945 వచ్చేస్తుంది. 165ను 3, 5లతో, 195ను 3తో మాత్రమే గుణించవచ్చు, ఎందుకంటే 195 × 5 = 975, అది 945ను దాటింది. ఒక్కోదానికి కారణాంకాల మొత్తం, ఆ తరువాత సంఖ్య రెట్టింపు ఇస్తున్నాను:

105: 4 × 6 × 8 = 192, రెట్టింపు 210
315: 13 × 6 × 8 = 624, రెట్టింపు 630
525: 4 × 31 × 8 = 992, రెట్టింపు 1050
735: 4 × 6 × 57 = 1368, రెట్టింపు 1470
165: 4 × 6 × 12 = 288, రెట్టింపు 330
495: 13 × 6 × 12 = 936, రెట్టింపు 990
825: 4 × 31 × 12 = 1488, రెట్టింపు 1650
195: 4 × 6 × 14 = 336, రెట్టింపు 390
585: 13 × 6 × 14 = 1092, రెట్టింపు 1170

తొమ్మిదీ న్యూన సంఖ్యలే. అన్నిటికంటే దగ్గరగా వచ్చినది 315, దానికి కొరత 6 మాత్రమే. దానికి ఇంకొక్క 3 చేర్చగానే కొరత తీరి 30 మిగులు వస్తుంది. 945లో మూడు 3లు ఎందుకు అవసరమో ఈ ఒక్క వరుస స్పష్టంగా చూపిస్తుంది.

పని తగ్గించే దారి: ఒక సంఖ్య నిష్పత్తి దాని గుణిజం నిష్పత్తి కంటే ఎప్పుడూ తక్కువ. కాబట్టి 315, 495, 585 న్యూనమని తేలితే 105, 165, 195లను విడిగా లెక్కించనక్కరలేదు. ఆరు లెక్కలతో పని పూర్తవుతుంది. మొదటిసారి చేసేవారు మాత్రం తొమ్మిదీ చేయడమే మంచిది, అభ్యాసం కుదురుతుంది.

ఈ పనిలో మరో ఫలితం కూడా చేతికి వచ్చింది. 945 వరకు బేసి పరిపూర్ణ సంఖ్య ఏదీ లేదని కూడా మీరిప్పుడు రుజువు చేశారు. అసలు ఎక్కడైనా బేసి పరిపూర్ణ సంఖ్య ఉందా అన్నది నేటికీ తేలని సమస్య. క్రీ.శ. 100 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త నికోమాకస్ పరిపూర్ణ, న్యూన, సమృద్ధ అనే ఈ మూడు తరగతులనూ సరి సంఖ్యలకే పరిమితం చేసి చెప్పాడు. 945 మొదటి బేసి సమృద్ధ సంఖ్య అని గుర్తించిన ఘనతను చాలాకాలం 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బాషేకు ఇస్తూ వచ్చారు, కానీ 1037లో మరణించిన గణితవేత్త అబూ మన్సూర్ అల్-బగ్దాదీ అంతకు శతాబ్దాల ముందే ఆ మాట రాశాడు.

9. ఇష్టమైతే: మిగులు 30ని తొలగించి చూడండి

945ను విడిచి మిగిలిన 15 కారణాంకాల మొత్తం 975. వాటిలోంచి 30 విలువ చేసేవాటిని తీసేస్తే మిగిలినవి సరిగ్గా 945 అవుతాయి. దీనికి ఐదు మార్గాలే ఉన్నాయి: 27, 3 తీసేయడం, 21, 9 తీసేయడం, 21, 5, 3, 1 తీసేయడం, 15, 9, 5, 1 తీసేయడం, 15, 7, 5, 3 తీసేయడం. ఆరోది దొరికిందనిపిస్తే ఏదో ఒక కారణాంకాన్ని రెండుసార్లు వాడారేమో చూడండి. 15 + 15 అని రాయడం తరచుగా జరిగే పొరపాటు.

10. 945 తరువాతివాటిని వెతికేటప్పుడు

945ను ఏ బేసి సంఖ్యతో గుణించినా బేసి సమృద్ధ సంఖ్యే వస్తుంది, కాబట్టి ఇవి అనంతం. బేసి సమృద్ధ సంఖ్యలన్నిటినీ వరుసగా చూస్తే 945, 1575, 2205, 2835, 3465, 4095, 4725, 5355 వస్తాయి. ప్రతి రెండింటి మధ్య తేడా 630. ఎనిమిది సంఖ్యల పాటు ఒకే తేడా కనిపించేసరికి ఇదే సూత్రమని, బేసి సమృద్ధ సంఖ్యలన్నీ 315 గుణిజాలని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. 5355 తరువాత రావలసినది 5985 అనుకుంటాం, కానీ దానికంటే ముందే 5775 వస్తుంది. 5775 = 3 × 5 × 5 × 7 × 11, దాని కారణాంకాల మొత్తం 4 × 31 × 8 × 12 = 11904, రెట్టింపు 11550. ఇందులో 3 ఒక్కసారే ఉంది కాబట్టి ఇది 315 గుణిజం కాదు. రెండు 5లకు 7, 11 తోడవడంతో ఒక్క 3తోనే పని జరిగి, పాత క్రమం చెదిరిపోయింది.

చివరి అంకె 5 కావాలన్న నియమం కూడా లేదు. 81081 = 3 × 3 × 3 × 3 × 7 × 11 × 13 తీసుకోండి: 121 × 8 × 12 × 14 = 162624, రెట్టింపు 162162. 5 లేకుండా వచ్చే బేసి సమృద్ధ సంఖ్యల్లో ఇదే మొదటిది. 3 లేకుండా కావాలంటే 5391411025 దాకా వెళ్ళాలి. అది 25తో మొదలుపెట్టి 7, 11, 13, 17, 19, 23, 29లను గుణిస్తే వచ్చే సంఖ్య.

అభ్యాసానికి

పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి 945కు రెండువైపులా ఉన్న సరి సంఖ్యలను మీరే పరీక్షించండి. 944 = 16 × 59 కాబట్టి 31 × 60 = 1860 రావాలి, రెట్టింపు 1888. 946 = 2 × 11 × 43 కాబట్టి 3 × 12 × 44 = 1584 రావాలి, రెట్టింపు 1892. రెండూ న్యూన సంఖ్యలే. 944కు మీకు 1020 వచ్చి ఉంటే, 16కు 1 + 16 మాత్రమే రాసి మధ్యలోని 2, 4, 8లను వదిలేశారని అర్థం. అలాంటప్పుడు ఐదో మెట్టులోని మొదటి తప్పును మళ్ళీ ఒకసారి చదివి, తరువాత 1575తో ప్రయత్నించండి. దానికి 13 × 31 × 8 = 3224 రావాలి, మిగులు 74.